వాము పువ్వు, లవంగ నూనె, ఒక మొండి ఈ. కోలై: ప్రాజెక్టు డైరీ

మొదటి మూడు వారాల్లో బాక్టీరియాను పెంచే అగార్ (జెల్లీ లాంటి పదార్థం) ప్లేట్లు 24 పోశాం, 24 పారేశాం. డైరీ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఇదే పని చేయాలనుకునే వాళ్ళకు మా గెలుపుల కన్నా మేము పారేసిన ప్లేట్లే ఎక్కువ పనికొస్తాయి.

నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు రొయ్యల ఎగుమతి ప్లాంటులో ప్రయోగశాల ఉద్యోగం చేశాను. ఈ ప్రాజెక్టులో నాతో పాటు చివరి సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు, ల్యాబ్ అటెండర్ ఒకరు ఉన్నారు. ఆయనది పెదజాలరిపేట. కళాశాలలో ప్రిన్సిపాల్ దగ్గర నుంచి అందరూ ఆయన్ను బాబాయి అనే పిలుస్తారు. కళాశాల ఇచ్చిన సొమ్ము ₹20,000.

యాంటీబయాటిక్ మందులకు లొంగని ఆహార బాక్టీరియాను వంటింటి దినుసుల్లోని రసాయనాలు ఆపగలవా అన్నది ప్రశ్న. ఆపగలవని చెప్పే పోస్టర్లు ప్రతి సైన్స్ దినోత్సవానికీ గోడల మీద చూస్తూనే ఉన్నాను. ఎంత గాఢతలో, దేని మీద, ఎంతసేపట్లో అని అడిగితే మాత్రం పోస్టరు పక్కన నిలబడ్డ పిల్లలు నేల చూపులు చూస్తారు.

ముందే ఒక మాట. ఇది ఇంట్లో చేసే పని కాదు. బయోసేఫ్టీ క్యాబినెట్ (క్రిములు బయటికి రాకుండా గాలిని వడపోసే పెట్టె), ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఆవిరి పట్టి క్రిములను చంపే యంత్రం), శిక్షణ ఉన్న మనిషి, ఈ మూడింట్లో ఏది లేకపోయినా మొదలుపెట్టకండి. వాడిన ప్రతి ప్లేటూ 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉడికాకే మా చెత్తబుట్టలోకి వెళ్ళింది.

సరంజామా

పరీక్షకు మూడు రకాల బాక్టీరియా తీసుకున్నాం. మందులకు లొంగే ప్రామాణిక ఈ. కోలై (పేగుల్లో ఉండే బాక్టీరియా; ఏటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారంలో నంబరు 25922) ఒకటి. ప్రామాణిక స్టెఫిలోకాకస్ ఆరియస్ రెండోది. మూడోదే అసలు ప్రత్యర్థి: పాత బ్యాచ్ విద్యార్థులు కోడి మాంసం నుంచి వేరు చేసి ఫ్రీజర్లో దాచిన ఈ. కోలై. గొట్టం మీద 'కె-7' అని రాసి ఉంది. యాంపిసిలిన్‌కు లొంగదు, టెట్రాసైక్లిన్‌కు లొంగదు.

టెట్రాసైక్లిన్ పేరు వచ్చినప్పుడల్లా మన భీమవరం గుర్తొస్తుంది. ఆ కుటుంబపు మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. అది పుట్టిన, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు అప్పుడు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కొద్ది కాలానికే అదే సంస్థలోని ఇతర శాస్త్రవేత్తలు ఆ మందు కలిసిన దాణా తిన్న కోళ్ళు త్వరగా బరువు పెరుగుతున్నాయని గమనించారు. జబ్బు లేని కోళ్ళకు మందు మేపే అలవాటు అలా బలపడింది. మా కె-7 ఆ వంశవృక్షంలో ఎక్కడో ఒక చివరి కొమ్మ.

దశ 1: కషాయాలు (1–3 వారాలు)

జామాకు, పసుపు, వెల్లుల్లి. రైతు బజారులో కొని, కడిగి, నూరి, నీళ్ళలో నానబెట్టి, వడకట్టాం. అగార్‌లో 6 మి.మీ. గుంటలు తీసి ఆ రసం పోశాం.

1. జామాకు: స్టెఫిలోకాకస్ మీద 9 మి.మీ. నిరోధక వలయం (బాక్టీరియా మొలవని ఖాళీ గుండ్రం). రెండు ఈ. కోలైల మీదా సున్నా.
2. పసుపు: వలయం లేదు. గుంట చుట్టూ పసుపు మరక మాత్రం 14 మి.మీ. విద్యార్థిని దాన్నే కొలిచి నోట్సులో ఎక్కించింది. కుర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు కాబట్టి రంగు పాకినంత మాత్రాన మందు పాకినట్టు కాదు.
3. వెల్లుల్లి: మూడింటి మీదా సున్నా.

వెల్లుల్లి సున్నా ఎలా అయిందో నాకు అంతు చిక్కలేదు. పచ్చి వెల్లుల్లి రసం ఈ. కోలై మీద పనిచేయడం నా కళ్ళతో చూశాను. పిల్లల్ని కూర్చోబెట్టి ఏ పని తర్వాత ఏ పని చేశారో వరుసగా చెప్పమంటే తప్పు బయటపడింది. రసం శుభ్రంగా ఉండాలని ఆటోక్లేవ్‌లో పెట్టారట. వెల్లుల్లి రెబ్బలో అల్లిసిన్ సిద్ధంగా ఉండదు. రెబ్బ నలిగినప్పుడు అల్లీన్ అనే పదార్థం మీద అల్లినేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తేనే పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. మేము వెల్లుల్లిని శుద్ధి చేయలేదు, వండాం.

వడపోతతో శుద్ధి చేసిన తాజా రసం మళ్ళీ పెడితే ప్రామాణిక ఈ. కోలై మీద 17 మి.మీ. వచ్చింది. అదే రసం నాలుగు రోజులు బయట ఉంచి పెడితే 8. రోజుకొక బలం ఉన్న పదార్థంతో కొలతలు కుదరవని వెల్లుల్లిని పక్కన పెట్టాను.

*మార్పు:* కషాయాలు మానేశాం. ఏ దినుసులో ఏది ఎంత ఉందో తెలియకుండా ఎంఐసీ, అంటే కనిష్ఠ నిరోధక గాఢత (మొలకను ఆపే అతి తక్కువ మోతాదు), కొలవడం వృథా. నూనెలకూ, శుద్ధ రసాయనానికీ మారాం: లవంగ నూనె (ముఖ్యంగా యూజినాల్), దాల్చినచెక్క నూనె (సిన్నమాల్డిహైడ్), వాము నూనె, వాము పువ్వు. వాము పువ్వంటే పూల రేకులు కాదు. ఆయుర్వేద దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే తెల్లని స్ఫటికాలు, రసాయనంగా థైమాల్.

*ఇప్పటివరకు:* ప్లేట్లు 24, పారేసినవి 24, ఖర్చు ₹1,900.

దశ 2: డిస్కులు (4–7 వారాలు)

బజారులో కొన్న మొదటి లవంగ నూనె సీసాయే మోసం. ఎలా పట్టుకున్నామంటే:

1. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఒక చుక్క వేయండి. స్వచ్ఛమైన లవంగ నూనె నీటి కన్నా బరువు, మునుగుతుంది. మాది తేలింది.
2. వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి. స్వచ్ఛమైనదైతే దాదాపు ఎగిరిపోతుంది. మా కాగితం మీద పకోడీల పొట్లం మీద మిగిలేలాంటి జిడ్డు మిగిలింది.

వాము నూనెకు మొదటి పరీక్ష పనికిరాదు. అది స్వచ్ఛంగా ఉన్నా తేలుతుంది.

విశ్లేషణ పత్రంతో వచ్చే సీసాలు తెప్పించాం. ఆ నూనెలను చిన్న కాగితపు డిస్కులకు పట్టించి అగార్ మీద పెట్టాం. అప్పుడు వచ్చిన వలయాలు చూసి పిల్లలు గంతులేశారు: లవంగం 19, దాల్చినచెక్క 27, థైమాల్ 26 మి.మీ., అదీ కె-7 మీద. మర్నాడు అదే పరీక్షలో లవంగం 13. దాని మర్నాడు 22. మూడు రోజుల్లో మూడు అంకెలంటే మూడూ తప్పే.

కారణాలు ఒక్కొక్కటిగా దొరికాయి. ఇవి రాయడానికే ఈ డైరీ.

*బల్ల వాలు.* ఈ పరీక్షకు వాడే ముల్లర్ హింటన్ అగార్ 4 మి.మీ. మందం ఉండాలి. మా 90 మి.మీ. ప్లేటుకు 25 మి.లీ. సరిపోతుంది. అంతే పోస్తున్నాం. అయినా ఒక ప్లేటును నిలువునా కోసి స్కేలు పెడితే కిటికీ వైపు 5.2, గోడ వైపు 2.9. పలచగా ఉన్న వైపు మందు పక్కలకు ఎక్కువ దూరం పాకి వలయం పెద్దదవుతుంది. బాబాయి తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టారు. బుడగ ఒక మూలకు పరుగెత్తింది. కాలి కింద రెండు అట్టముక్కలు పెట్టాక మధ్యకు వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ బల్ల మీద చేసిన ప్రాక్టికల్ పరీక్షల గురించి ఆలోచించడం మానేశాను.

*ఆల్కహాల్.* నూనెను ఇథనాల్‌లో పలచన చేసి డిస్కులకు పట్టించి వెంటనే పెడుతున్నాం. ఉత్త ఇథనాల్ డిస్కు పెట్టి చూస్తే దానికే 9 మి.మీ. ఆరబెడదామంటే ఇథనాల్‌తో పాటు నూనె కూడా ఎగిరిపోతుంది. చివరికి మరో ద్రావణి, 5 శాతం డైమిథైల్ సల్ఫాక్సైడ్‌కు మారాం. ఉత్త ద్రావణి డిస్కుకు వలయం రాలేదు.

*ఆవిరి.* దీనికి వారం పట్టింది. ఏ మందూ పెట్టని ప్లేటులో కూడా బాక్టీరియా పలచగా మొలిచింది. ఇంక్యుబేటర్లో అది దాల్చినచెక్క ప్లేటు కిందే ఉంది. ఆ నూనెల ఆవిరి పక్క ప్లేట్లలోకి కూడా పాకుతుంది. అప్పటి నుంచి ఒక్కో నూనె ప్లేట్లను ఒక్కో మూత బిగిసే డబ్బాలో పెట్టాం. దాల్చినచెక్కవి కింది అరలో, నియంత్రణ ప్లేట్లు వేరే ఇంక్యుబేటర్లో.

*మన ఊరి ఉక్క.* పద్ధతి సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మామూలు మందుల డిస్కులు కూడా పెడతాం. ప్రామాణిక ఈ. కోలై మీద టెట్రాసైక్లిన్ డిస్కుకు 18–25, జెంటామైసిన్‌కు 19–26 మి.మీ. రావాలి. అవి సరిగ్గానే వచ్చాయి, యాంపిసిలిన్ మాత్రం 12కు పడిపోయింది. ఈ రకం దానికి లొంగాలి. డిస్కుల గొట్టాన్ని ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే మూత తెరుస్తున్నాం. సముద్రపు గాలికి చల్లటి గొట్టం లోపల చెమ్మ పడుతుంది. యాంపిసిలిన్ తేమకు చెడుతుంది. ఇప్పుడు గొట్టం గది వేడికి వచ్చేదాకా, కనీసం అరగంట, మూత తీయం. సిలికా జెల్ సంచి రంగు మారితే ఆ గొట్టం పాఠాలు చెప్పుకోవడానికే.

ఇవన్నీ సరిచేశాక అంకెలు నిలకడగా వచ్చాయి. లవంగం మూడు రోజులూ 16, 17, 16. అయినా డిస్కుల మాట నేను నమ్మను. నూనె నీటి అగార్‌లో సరిగా పాకదు. వలయం చిన్నదైతే మందు బలహీనమో, పాకలేదో వలయం చెప్పదు. డిస్కులతో అంచనా వేయవచ్చు గానీ తీర్పు చెప్పకూడదు.

*ఇప్పటివరకు:* ప్లేట్లు 70, పారేసినవి 53, ఖర్చు ₹6,250.

దశ 3: 96 గుంటల ప్లేటు (8–11 వారాలు)

ఎంఐసీ ఇక్కడ కొలుస్తాం. ఒక్కో గుంటలో మందు సగం సగం తగ్గుతూ పోతుంది, బాక్టీరియా మాత్రం అంతే. ఏ గుంట నుంచి మొలక ఆగిపోయిందో చూడాలి.

మేము స్థిరపడిన పద్ధతి:

1. ముల్లర్ హింటన్ ద్రవంలో 0.15 శాతం అగార్ కలపండి. నూనె బిందువులు పైకి తేలకుండా పట్టి ఉంచుతుంది.
2. 8 మి.గ్రా./మి.లీ. నుంచి మొదలుపెట్టి సగానికి సగం, 0.06 దాకా.
3. బాక్టీరియాను 0.5 మెక్‌ఫార్లండ్ మసకకు సరిచేసి (ప్రామాణిక మసక కొలత, మి.లీ.కి సుమారు 15 కోట్లు), పలచన చేసి, గుంటలో మి.లీ.కి 5 లక్షలు ఉండేలా వేయండి.
4. ప్రతి నూనె పక్కన రెండు వరుసలు ఖాళీ వదలండి. పైన అంటుకునే పొర వేయండి.
5. 35 డిగ్రీల్లో 18 గంటలు. తర్వాత రెసజురిన్ అనే రంగు వేసి రెండు గంటలు. నీలం మిగిలితే మొలక లేదు, గులాబీ అయితే ఉంది.

నాలుగో అడుగు లేకుండా చేసిన ప్లేట్లు మూడు పారేశాం. మళ్ళీ ఆవిరే. లవంగం పక్కనున్న థైమాల్ వరుసలో చివరి గుంట దాకా నీలం. థైమాల్ 0.06కే పనిచేసిందని ఒక పూట మురిసిపోయాం.

ఇంకో చిక్కు ప్లేటుదే. 8 మి.గ్రా. లవంగ నూనె వేసిన గుంటల అడుగు పాలిపోయింది. మొలకనుకున్నాం. ద్రవం తీసేసి కడిగి చూస్తే మసక ప్లాస్టిక్‌లోనే ఉంది. ఆ నూనె ప్లేటు ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను తినేస్తోంది. పై గాఢతలు గాజు గొట్టాల్లో చేయండి. పక్కన పెట్టిన పసుపును ఇక్కడ మళ్ళీ చూస్తే, మళ్ళీ ఓడింది: దాని రంగులో నీలమూ గులాబీ తేడా తెలియలేదు.

మూడేసి సార్లు చేశాక నిలిచిన అంకెలు (మి.గ్రా./మి.లీ., వరుసగా ప్రామాణిక ఈ. కోలై, కె-7, స్టెఫిలోకాకస్):

- థైమాల్: 0.25, 0.25, 0.25
- వాము నూనె: 0.5, 1, 0.5
- దాల్చినచెక్క నూనె: 0.5, 0.5, 0.25
- లవంగ నూనె: 1, 1, 1

వాము నూనెలో కె-7కు రెట్టింపు వచ్చింది కదా అని అడగవచ్చు. ఈ పద్ధతిలో ఒక గుంట అటూ ఇటూ తేడాను తేడాగా లెక్కించరు.

నాకు ఈ ప్రాజెక్టులో నచ్చిన ఫలితం ఇదొక్కటే. రెండు మందులకు లొంగని కె-7 కూడా, లొంగే రకం ఆగిన చోటే ఆగింది. టెట్రాసైక్లిన్ రైబోసోమ్‌కు అడ్డు పడుతుంది, యాంపిసిలిన్ కణ గోడ కట్టే ఎంజైముల మీద పనిచేస్తుంది. బాక్టీరియా ఆ మందును బయటికి తోసేయడమో, విరగ్గొట్టడమో నేర్చుకుంది. థైమాల్, యూజినాల్ కణపు పొరలోకే దూరి దాన్ని చెదరగొడతాయి. నేర్చుకున్న పాఠం ఇక్కడ అక్కరకు రాలేదు.

*ఇప్పటివరకు:* 96 గుంటల ప్లేట్లు 11, పారేసినవి 6, ఖర్చు ₹11,650.

దశ 4: జోడీ (12వ వారం, పొట్టిగా)

థైమాల్ తోడుంటే టెట్రాసైక్లిన్ మళ్ళీ కె-7 మీద పనిచేస్తుందా అని చదరంగం పద్ధతిలో చూశాం. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పలచన చేసి అన్ని జోడీలూ పరీక్షించడం.

టెట్రాసైక్లిన్ ఎంఐసీ మి.లీ.కి 64 నుంచి 32 మైక్రోగ్రాములకు, అంటే సగానికి తగ్గింది. థైమాల్ నాలుగో వంతుకు తగ్గింది. 0.5కు 0.25 కలిపితే సూచిక 0.75. రెండూ ఒకదానికొకటి సాయపడ్డాయని చెప్పాలంటే 0.5 గానీ అంతకన్నా తక్కువ గానీ రావాలి. ఒక విద్యార్థిని "పాక్షిక సాయం అని రాద్దామా మేడమ్?" అని అడిగింది. కొన్ని పత్రాల్లో అలా రాస్తారు కూడా. మేము 'సంబంధం లేదు' అని రాశాం. 32 దగ్గర ఆగినా కె-7 టెట్రాసైక్లిన్‌కు లొంగనట్టే లెక్క.

*ఇప్పటివరకు:* 96 గుంటల ప్లేట్లు 17, పారేసినవి 8, ఖర్చు ₹12,800.

దశ 5: రొయ్య (13–18 వారాలు)

ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి 60 కౌంటు (కిలోకు 60 తూగే) వనామీ. తల తీసి, ఒలిచి, 25 గ్రాముల చొప్పున సంచులు. గ్రాముకు పది లక్షల కె-7 (లాగ్ 6) అంటించి, అరగంట ఆగి, మందు నీళ్ళలో 10 నిమిషాలు ముంచి, వార్చి, 225 మి.లీ. పెప్టోన్ నీటిలో చిలికి లెక్కించాం. అన్నిటిలో బలమైనదని థైమాల్‌నే ఎంచుకున్నాం. లాగ్ 1 తగ్గడమంటే వందలో 90 చచ్చినట్టు, లాగ్ 2 అంటే 99.

*మొదటి దెబ్బ, ఐసు.* రొయ్యను ఐసులో ఉంచే చేయాలి. థైమాల్ గది వేడిలోనే లీటరు నీటికి గ్రాము వరకే కరుగుతుంది. ఐసు నీళ్ళలో వేయగానే గిన్నె అడుగున సూదుల్లాంటి స్ఫటికాలు మెరిశాయి. కొలిచి వేసిన మందులో ఎంత నీటిలో ఉందో, ఎంత అడుగున పేరుకుందో తెలియదు. నూనెలను నీటిలో కలిపి ఉంచే ట్వీన్ 80ని ఒక శాతానికి పెంచితే ద్రవం తేటపడింది, చావు తగ్గింది. ట్వీన్ తన బిందువుల్లోనే థైమాల్‌ను దాచుకుంటుంది, బాక్టీరియాకు మిగల్చదు. చివరికి ట్వీన్ 0.2 శాతం, నీటి వేడి 15 డిగ్రీలు, వాడే ముందు గట్టిగా చిలకడం దగ్గర ఆగాం. ఇది రాజీయే. ప్లాంటులో ఎవరైనా రొయ్యను 15 డిగ్రీల నీళ్ళలో ముంచుతానంటే నేనే ఒప్పుకోను.

*రెండో దెబ్బ, మా లెక్క.* రొయ్య మీద దాని సొంత బాక్టీరియా కూడా ఉంటుంది. వాటిలో కె-7ను వేరుగా చూడటానికి టెట్రాసైక్లిన్ కలిపిన మాకాంకీ అగార్ (పేగు బాక్టీరియాను ఎంచి పెంచేది) వాడాం. మొదటి ఫలితాలు:

- ఉత్త నీళ్ళు: లాగ్ 0.6 తగ్గుదల
- థైమాల్ 0.25 (ఎంఐసీ): 0.8
- థైమాల్ 1 (4 రెట్లు): 1.7
- థైమాల్ 2.5 (10 రెట్లు): 2.5

పిల్లలు రిపోర్టు రాయడం మొదలుపెట్టేశారు. నాకు ఒక్కటే నచ్చలేదు. ఆ ప్లేట్ల మీది బాక్టీరియా గుంపులు (కాలనీలు) గుండుసూది మొనలంత ఉన్నాయి. నియంత్రణ ప్లేటు మీదివి కంది గింజంత. మాకాంకీలో పిత్త లవణాలు ఉంటాయి. పొర గట్టిగా ఉన్న ఈ. కోలై వాటిని తట్టుకుంటుంది. థైమాల్ దెబ్బకు పొర చిరిగి, ప్రాణంతో మిగిలిన కణం తట్టుకోలేదు. అంటే మేము చచ్చినవాటితో పాటు కుంటుకుంటూ తప్పించుకున్నవాటిని కూడా శవాల లెక్కలో వేస్తున్నాం. ఆహారంలో ఆ కుంటివి కోలుకుంటాయి.

సరిచేసిన తీరు:

1. మాకాంకీ పోసి గట్టిపడనివ్వండి.
2. దాని మీద పిత్త లవణాలు లేని ట్రిప్టోన్ సోయా అగార్ 14 మి.లీ., 45 డిగ్రీలకు చల్లార్చి, పొరలా పోయండి.
3. వెంటనే నమూనా పరచండి. మొదటి కొన్ని గంటలు పై పొరలో కణాలు కోలుకుంటాయి, ఈలోగా కింది లవణాలూ మందూ పైకి పాకి మిగతా బాక్టీరియాను ఆపుతాయి.

10 రెట్ల థైమాల్‌లో ముంచిన ఒకే సంచి నుంచి, ఒకే పలచన నుంచి రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టాం. పాత పద్ధతిలో 3 గుంపులు. పొర వేసినదానిలో 52. ఆ రెండు ప్లేట్లను కిటికీ వెలుతురులో పట్టుకుని ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సరిచేసిన లెక్క:

- ఉత్త నీళ్ళు: 0.6
- ఎంఐసీ: 0.6
- 4 రెట్లు: 0.9
- 10 రెట్లు: 1.3

10 రెట్లలో కూడా నీళ్ళ వాటా తీసేస్తే థైమాల్ సొంత సంపాదన 0.7. ప్లేటులో గెలిచిన అంకె రొయ్య మీద చెల్లలేదు. ఇది మా ఒక్కరికే కాదు. కొవ్వూ ప్రొటీనూ నూనెను పీల్చుకుంటాయి కాబట్టి ఆహారంలో గాఢత ఎన్నో రెట్లు పెంచాలని ముందే ప్రచురితమై ఉంది. మెత్తని చీజ్‌కు 25 నుంచి 100 రెట్లు కావలసి వచ్చింది. చదివాను కూడా. చదివి రొయ్యలో అంత కొవ్వెక్కడిది అనుకున్నాను.

వాసన సంగతి. బాక్టీరియా అంటించని రొయ్యను విడిగా, మా ఇంటి వంటింట్లో, ఆహారంలో వాడదగిన థైమాల్‌తో 4 రెట్ల నీళ్ళలో ముంచి వేపుడు చేశాను. మా అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఎవరికి కడుపునొప్పి?" అని అడిగారు. 10 రెట్లది వండలేదు.

బాబాయి అంతా విని ఒక మాట అన్నారు. "మా అమ్మ చేపకు ఉప్పూ పసుపూ రాసేది. నీచు వాసన పోతుందని రాసేదమ్మా. రోగం పోతుందని ఎప్పుడూ అనలేదు."

*ఇప్పటివరకు:* ప్లేట్లు 202, పారేసినవి 113, ఖర్చు ₹16,750.

దశ 6: కత్తిపీట (19వ వారం నుంచి)

ఈ మలుపు కూడా బాబాయిదే. "రొయ్యను వదిలేసి దాన్ని కోసే చోట చూడండి" అన్నారు. సబబుగా తోచింది. పచ్చి మాంసం నుంచి బాక్టీరియా కూరగాయకు చేరేది కత్తి మీదుగానే. ఇనుప పీట మీద వాము వాసన వస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు, కొవ్వు కూడా తక్కువ.

నిజమైన కత్తిపీటను ఆటోక్లేవ్‌లో పెట్టలేం. 5 సెం.మీ. స్టీలు బిళ్ళలు కోయించాం. కె-7 అంటించి, ఆరనిచ్చి, మి.లీ.కి 2 మి.గ్రా. థైమాల్ ఉన్న ద్రవం 10 నిమిషాలు, తర్వాత దూదితో తుడిచి, మందును పనిచేయకుండా ఆపే ట్వీన్, లెసిథిన్ ఉన్న ద్రవంలోకి. ఇక్కడ ఆ తటస్థీకరణ తప్పనిసరి. లేకపోతే దూదికి అంటిన మందు నమూనా వరుసలో ఉన్నంతసేపూ చంపుతూనే ఉంటుంది. మా 10 నిమిషాలు 40 అవుతాయి.

తగ్గుదల, లాగ్‌లలో:

- శుభ్రమైన బిళ్ళ, థైమాల్: 4కు పైనే, గుంపులు కనిపించలేదు
- రొయ్య జిగురు పూసిన బిళ్ళ, థైమాల్: 1.2
- జిగురు బిళ్ళ, గిన్నెల సబ్బుతో తోమి కడగడం మాత్రమే: 2.8
- జిగురు బిళ్ళ, సబ్బు తర్వాత థైమాల్: 3.9

మూడో వరుస రాయడానికి చెయ్యి ఆడలేదు, కానీ రాశాను. సబ్బు వరుస లేకుండా నాలుగోది ఒక్కటే వేస్తే ఎంత బాగుండేదో నాకు తెలుసు. అలా వేసిన పోస్టర్లకు నేనే బహుమతులు ఇచ్చాను.

సబ్బుకూ, సబ్బు తర్వాత థైమాల్‌కూ మధ్య ఉన్న 1.1 నిజమా, తోమిన చేతుల తేడానా అన్నది ఇంకా తేలాలి. తోమింది ఒక రోజు ఒక విద్యార్థిని, ఇంకో రోజు ఇంకొకరు. ఒకరిది బలమైన చెయ్యి. అందుకని ఈ వారం మార్పులు:

1. తోమేది ఒక్కరే. మెట్రోనోమ్ పెట్టి 20 సార్లు.
2. స్పాంజి మీద 500 గ్రాముల బరువు, ఒత్తిడి మారకుండా.
3. సబ్బు తర్వాత ఉత్త నీళ్ళు 10 నిమిషాలు పోసిన బిళ్ళలు కూడా, థైమాల్‌కు జోడీ నియంత్రణగా.
4. బిళ్ళల మీద అంకెలు మాత్రమే ఉంటాయి. ఏది ఏదో బాబాయి ఒక్కరికే తెలుసు, కాగితం ఆయన జేబులో ఉంది.

*ఇప్పటివరకు:* ప్లేట్లు 256, పారేసినవి 119, ఖర్చు ₹17,650. మిగిలింది ₹2,350.

18 ప్లేట్లు ఈ శనివారం సాయంత్రం 4 గంటలకు ఇంక్యుబేటర్లో పెట్టాం. పొర వేసిన ప్లేట్లను 24 గంటలు దాటనిస్తే గుంపులు కలిసిపోతాయి కాబట్టి ఆదివారం లెక్కపెట్టాల్సిందే. పిల్లలకు మర్నాడు పరీక్ష ఉంది. తాళం నేను తీసుకున్నాను. కాగితం ఇవ్వమంటే బాబాయి ఇవ్వలేదు. లెక్క పూర్తయ్యాక ఫోను చేయమన్నారు.